భివండీలో కర్రపని

భివండీ అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది మరమగ్గాల మోత. కిందటి చలికాలంలో మేము ఇంటిల్లిపాదీ కల్యాణ్‌లో రైలు దిగి, భివండీ పద్మానగర్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు, వీధి మొదటనే ఆ మోత ఎదురు వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన పద్మశాలీలు ఎందరో అక్కడ స్థిరపడ్డారు. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె జరిగిన తర్వాత ఈ ఊరి మగ్గాలకు పని మరింత పెరిగింది.

మగ్గాల షెడ్డు గుమ్మంలో ఒక వృద్ధుడు పీట వేసుకొని చిన్న కర్రను చిత్రిక పడుతున్నాడు. ప్రక్కన బాడిసె, రెండు ఉలులు, సానరాయి ఉన్నాయి.

“ఇంత ఇనుములో ఇంకా కర్రపని ఏమిటి పెద్దయ్యా?” అని నవ్వుతూ అడిగాము.

ఆయన నవ్వలేదు. చేతిలోనిది ఎత్తి చూపాడు. అది నాడె.

“గిది పోకుంటే గా ఇనుమంత బరువే బిడ్డా!”

లోపలికి తీసుకుపోయి మగ్గం చూపించాడు. నిమిషానికి 100కు పైగా సార్లు నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. దాన్ని కొట్టి పంపేదీ ఒక కర్రే. ఆ కర్రకు చేవ ఉండాలి, నార నిటారుగా సాగాలి. లేకపోతే దెబ్బకు విరుగుతుంది. నాడె అడుగు పలకమీద, వెనుక ప్రక్క పన్నెకు ఆనుకొని జారాలి. ఆ రెండూ కలిసే మూల వెంట్రుకవాసి తప్పినా నాడె దారి తప్పుతుంది. ప్రక్కలు గరుకెక్కితే పడుగు పోగులు తెగుతాయి. కనుబొమ్మ మీది మచ్చను తడిమి, “వయసుల ఉన్నప్పుడు ఎగిరొచ్చిన నాడె పెట్టింది” అన్నాడు. అందుకే కాబోలు, ప్రతి నాడెనూ కంటితో చూచినా చాలక వేలితో నిమిరి పంపుతాడు.

1733లో ఇంగ్లండులో జాన్ కే నాడెకు వేగం నేర్పాడు. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం కనిపెట్టాడు. మగ్గం ఇనుముగా మారినా నాడె మాత్రం కర్రగానే మిగిలింది. ఇప్పుడు నాడెతో పనిలేని రేపియర్ మగ్గాలు వచ్చాయి. పెద్దయ్య కొడుకు గోదాములో ఉద్యోగానికి పోతున్నాడు. ఇక ఈ బాడిసెను పట్టేవారు లేరు.

ఇంతలో మనుమడు పరుగెత్తుకొని వచ్చి, “తాతా, ధోటా అయిందా?” అన్నాడు. మరాఠీలో దాని పేరు అదే.

“నాడె అనురా” అన్నాడు తాత. తర్వాత మావైపు తిరిగి, “మీ ఇంట్ల నాడె ఉన్నదా?” అని అడిగాడు.

మేము జవాబు చెప్పలేకపోయాము. ఊళ్ళో తాతగారి మగ్గం గుంట పూడ్చి గది కట్టించినప్పుడు, ఆ కర్రలన్నీ పొయ్యిలోకి పంపినది మేమే.

బయలుదేరేటప్పుడు ఆయన ఒక అరిగిపోయిన నాడెను మా చేతిలో పెట్టాడు. “మగ్గానికి పనికిరాదు. పిల్లలకు మాట నేర్పతందుకు అక్కరకొస్తది” అన్నాడు.

అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మొన్న మా చిన్నవాడు దానిని పడవ అనుకొని నీళ్ళలో వేయబోయాడు. చేయి పట్టుకొని ఆపి, ప్రక్కన కూర్చోబెట్టుకొని, దాని పేరు చెప్పాము.