అరచేతిలో అంబాసిడర్... పాతబస్తీలో వంకాయ కారు!

తెర మీద హీరోగారి కారు రివ్వున దూసుకొచ్చి, గిర్రున ఓ చుట్టు తిరిగి, దుమ్ము లేపుకుంటూ ఆగితే ఈల వెయ్యని కుర్రాడు ఉంటాడా? స్మగ్లర్ల కాంటెస్సా, పోలీసుల జీపు, పెళ్ళికూతురు వెక్కివెక్కి ఏడుస్తూ ఎక్కే తెల్ల అంబాసిడర్... ఇవి లేని సినిమా ఒకప్పుడు సినిమాయే కాదు. మరి ఆ కార్లన్నీ ఇప్పుడేవీ? కాంటెస్సా తయారీ 2002లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకుముందే సెలవు తీసుకుంది. 2014లో అంబాసిడర్ కూడా దణ్ణం పెట్టేసింది. చాలా బళ్ళు తుక్కు కింద పోయాయి. మిగిలినవాటిలో కొన్ని అరచేతిలోకి వచ్చి కూర్చున్నాయి!

అరచేతిలో అంటే నిజంగా అరచేతిలోనే. బొమ్మకార్లు పోగేసే సరదా (మా ఇంట్లోవాళ్ళు దీన్ని ‘పిచ్చి’ అంటారు, అది వేరే సంగతి) ఉన్నవాళ్ళం హైదరాబాదులో చాలామందిమే ఉన్నాం. మొన్న ఓ ఆదివారం మాలో నలుగురం కలిసి పాతబస్తీ యాత్ర పెట్టుకున్నాం. రైల్వేలో రిటైరైన ఓ పెద్దాయన, పళ్ళసెట్లు కట్టే డెంటల్ ల్యాబులో పనిచేసే మిత్రుడు, ఇంజనీరింగు చదివే ఓ అమ్మాయి, నేను. తలా ఒక సంచీ. సంచీల్లో ఏముంటాయో వేరే చెప్పాలా?

ఎక్కని సింహాసనం

ముందు చౌమహల్లా ప్యాలెస్. చార్మినార్ నుంచి లాడ్ బజార్ గాజుల తళతళల మధ్య నడుచుకుంటూ పోవచ్చు. దర్బారు హాల్లో షాండిలియర్లను చూసి జనం నోళ్ళు తెరుస్తుంటే, మేం నలుగురం తిన్నగా కార్లున్న వైపు దారి తీశాం. అక్కడుందండీ పసుప్పచ్చటి రోల్స్‌రాయిస్! 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. వెనక సీటు మామూలు సీటు కాదు, ఎత్తుగా అమర్చిన సింహాసనం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ముచ్చటపడి చెప్పిన కారు. తీరా అది తయారయ్యేసరికి ఆయనే లేరు. 1911లోనే కన్నుమూశారు. కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్ పాలబడింది. పొదుపుకు పెట్టింది పేరైన ఏడో నిజాం హయాంలో అది రోడ్డు మీద తిరిగిందీ తక్కువే.

పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. ‘‘చూశావా బాబూ, ఇది కూడా విప్పని పెట్టే!’’ అన్నారు.

ఆ మాట అర్థం కావాలంటే మా లోకం భాష కొంచెం తెలియాలి. బొమ్మకార్లలో రెండు జాతులు. అట్టకు అతికించిన ప్లాస్టిక్ డొప్ప తియ్యకుండా అట్టే పెట్టినవి ‘కార్డెడ్’. విప్పేసినవి ‘లూజ్’. విప్పనిదానికి బజార్లో ధర. విప్పినదానికి ఇంట్లో ముద్దు. ఈ రెంటి మధ్య మా వాళ్ళలో జరిగే తగాదా, ఏ ఇద్దరు హీరోల అభిమానుల తగాదాకూ తీసిపోదు!

అగ్గిపెట్టెలో పట్టే బండి

అసలు ఈ చిన్నకార్ల పుట్టుక కథే ఓ సినిమా. లండన్‌లో లెస్నీ అని ఓ కంపెనీ. అందులో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే తీసుకురమ్మన్నారట ఆయన కూతురి స్కూల్లో. అమ్మాయి కోసం తండ్రి ఇత్తడితో బుల్లి రోడ్డురోలరు చేసిపెట్టాడు. తోటి పిల్లలందరూ మాక్కావాలంటే మాక్కావాలన్నారు. 1953లో ‘మ్యాచ్‌బాక్స్’ బళ్ళు బజార్లోకొచ్చాయి. పెట్టె కొలతకు బండి కుదరాలి కాబట్టి బస్సయినా, కారయినా ఇంచుమించు ఒకటే పొడుగు!

తర్వాత కొలతలు స్థిరపడ్డాయి. 1:64 అంటే అసలు కారులో అరవై నాలుగో వంతు. నాలుగు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల అంబాసిడర్ 1:64లో ఏడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే మీ చూపుడువేలంత. 1:43లో పది సెంటీమీటర్లు. 1:18లో జానెడు పైమాటే. జింకు ముఖ్యంగా ఉండే మిశ్రమ లోహాన్ని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. అదే డై-కాస్ట్. లోహంలో సీసం లాంటి మలినం కలిసిందా, కొన్నేళ్ళకు బండి దానంతటదే బీటలిచ్చి పొడి రాలుతుంది. యుద్ధానికి ముందు చేసిన డింకీ కార్లు చాలా అలాగే పోయాయి. చెదలు పుస్తకాలకే కాదు, కార్లకూ పడుతుందన్నమాట!

ఇక సినిమాకూ ఈ సరదాకూ ముడి వేసింది జేమ్స్‌బాండ్. 1964లో వచ్చిన ‘గోల్డ్ ఫింగర్’లోని ఆస్టన్ మార్టిన్‌ను కోర్గీ కంపెనీ 1965లో బొమ్మగా దింపింది. మీట నొక్కితే ముందు తుపాకులు బయటికొస్తాయి. ఇంకోటి నొక్కితే కప్పు తెరుచుకుని పక్కసీటు దుండగుడు గాల్లోకి ఎగురుతాడు! సినిమాలో కారు వెండిరంగు. బొమ్మకు అదే రంగేస్తే రంగు వెయ్యని లోహంలా ఉందని బంగారు రంగు వేశారు. లక్షలకు లక్షలు అమ్ముడుపోయాయి. ఆ మరుసటేడే, 1966లో, మన కృష్ణ ‘గూఢచారి 116’గా వచ్చి తెలుగు కుర్రకారును వెర్రెత్తించారు. మనకు గూఢచారి దొరికాడు గాని, ఆయన కారు బొమ్మ మాత్రం దొరకలేదు!

‘‘దొరకలేదని ఎవరన్నారు? మా ఖరగ్‌పూర్‌లో ఉండగా నేను కొన్నానుగా!’’ అని పెద్దాయన సంచీలోంచి ఓ బండి తీశారు. గూఢచారిది కాదు లెండి. 1960ల చివర డింకీ వాళ్ళ అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. వాటితో ఇక్కడ పోసిన బళ్ళే ‘నిక్కీ టాయ్స్’. తిరగేసి చూస్తే అడుగున ‘డింకీ’ అన్న అక్షరాలు గీకేసిన మచ్చ! రంగు ముద్దముద్దగా ఉంది. తలుపుల గీతలు పూడిపోయాయి. అయినా ఆయన దాన్ని పట్టుకున్న తీరు చూడాలి... పురిటిబిడ్డను పట్టుకున్నట్టే.

నడిచే నవ్వులు

మధ్యాహ్నం ఆటో ఎక్కి బహదూర్‌పురా. జూపార్కుకు దగ్గర్లోనే సుధా కార్స్ మ్యూజియం. 2010లో మొదలైంది. కె. సుధాకర్ గారనే ఆయన సృష్టి ఇదంతా. 2005లో ఈయన చేసిన మూడుచక్రాల సైకిల్ గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. ఒక్కో చక్రం అడ్డుకొలతే 17 అడుగులు!

లోపల అడుగు పెడితే... క్రికెట్ బ్యాటు కారు, ఫుట్‌బాల్ కారు, కెమెరా కారు, బర్గర్ కారు, హ్యాండ్‌బ్యాగు కారు, ఎత్తు మడమ చెప్పు కారు! నిగనిగలాడే వంకాయ కారును చూసి మా డెంటల్ మిత్రుడు, ‘‘దీనికి పెట్రోల్ కాదన్నా, మసాలా కూరాలె’’ అన్నాడు. నవ్వులాటకు చేసినట్టుంటాయి గాని, ఇవన్నీ నడిచే బళ్ళు! చాలావాటికి తుక్కు సామానే ఆధారం. ఎన్నాళ్ళు పట్టింది, ఎంత వేగంతో పోతుంది అన్నది ఎదురుగా పలక మీద రాసి ఉంటుంది.

అక్కడ నిలబడితే నాకొకటి తోచింది. మేం కారులా కనిపించే బొమ్మల్ని దాచుకుంటాం. ఈయన బొమ్మలా కనిపించే కార్లు చేశాడు. పొద్దున చూసిన రోల్స్‌రాయిస్ అసలు సిసలు మహారాజ వాహనం, పెద్దగా తిరగనే లేదు. ఈ వంకాయ మాత్రం తాళం తిప్పితే బయల్దేరుతుంది!

మా ఇంజనీరింగు అమ్మాయి ఊరుకుంటుందా? తన సంచీలోంచి ‘బుజ్జి’ని తీసింది. అదేనండీ, 2024లో ‘కల్కి 2898 ఏడీ’లో ప్రభాస్ నడిపిన బండి. సినిమా కోసం మహీంద్రా వారూ, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ వారూ కలిసి నిజంగా నడిచేట్టు కట్టారు దాన్ని. బరువు ఆరు టన్నులు. ముందు రెండు భారీ చక్రాలు, వెనక గోళంలాంటి చక్రం ఒకటి. ఈ పిల్ల ప్లాస్టిక్ రేకులు కోసి, అతికించి, సొంతంగా చేసుకుంది. ‘‘వెనక గోళానికి ఏం వాడావమ్మా?’’ అంటే సిగ్గుపడుతూ, ‘‘చంకల్లో రాసుకునే సెంటు సీసా ఉంటుంది కదన్నా, దాని గోలీ’’ అంది. అందరం గొల్లుమన్నాం!

ఎడమ తలుపు

సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. బల్ల మీద సాసర్లకన్నా కార్లే ఎక్కువ. మా డెంటల్ మిత్రుడు ఓ అంబాసిడర్ తీసి పెట్టాడు. సెంటీ టాయ్స్ వాళ్ళ ప్లాస్టిక్ బండి, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే రకం. ఇతను దానికి నల్లరంగు వేసి, కప్పుకు పసుపు పూసి, టాక్సీ చేశాడు. పళ్ళకు మెరుగుపెట్టే పరికరాలతోనే బంపరుకు సొట్ట కూడా పెట్టాడు! ఎడమ వెనక తలుపు మాత్రం వేరే నలుపు. కాస్త వెలిసిన నలుపు.

‘‘మా నాయిన నాంపల్లి స్టేషన్‌ల టాక్సీ నడిపెటోడన్నా. ఒకసారి ఆ డోరుకు లారీ తగిలింది. తుక్కు దుకాణంల పాత డోరు దెచ్చి ఏయించిండు. బండి తుక్కుకు పోయిన రోజు అన్నం తినలే. ఇది చేసి చేతుల వెట్టిన. ఏమన్నడో తెల్సా?’’

మేం ఊహించలేకపోయాం.

‘‘ఆ తలుపు మీద ఏలు వెట్టి, ‘ఇది గట్టిగ గుంజి ఎయ్యాలె బిడ్డా, లేకుంటే పడది’ అన్నడు. అంతే. ఇప్పుడు దిండు పక్కన్నే వెట్టుకుంటడు.’’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చాయ్ చల్లారిపోయింది.

అప్పుడు పెద్దాయన అసలు సంగతి బయటపెట్టారు. ఇల్లు అమ్మేశారు. బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. అది రెండు గదుల ఫ్లాటు. ఈయన దగ్గరున్నవి మూడు వందల పైచిలుకు కార్లు. ఓ వ్యాపారి వచ్చి చూసి, విప్పని పెట్టెలు మాత్రం మంచి ధరకు కొంటానన్నాడట. విప్పినవి కిలోల లెక్కన ఇచ్చెయ్యమన్నాడట!

‘‘కిలోల లెక్కా!’’ అమ్మాయికి కోపం ముంచుకొచ్చింది. ఆ కోపానికి ఇంకో కారణమూ ఉంది. ఈ మధ్య హాట్ వీల్స్ బళ్ళు షాపులకు రాగానే కొందరు పెట్టెలకు పెట్టెలు ఎత్తుకుపోతున్నారు. రెండు వందలకు అటూ ఇటూగా దొరికే బండే, కాస్త అరుదైన రకమైతే, తర్వాత ఎన్నో రెట్లు చెబుతారు. నాన్న చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లాడికి మిగిలేది ఖాళీ కొక్కెం.

‘‘కోపమెందుకమ్మా? వ్యాపారి మీదా నాకు కోపం లేదు. ఆయన ధర ఆయనది’’ అంటూ పెద్దాయన మూడు పెట్టెలు బల్ల మీద పెట్టారు. మూడూ విప్పనివే. ‘‘మీకు తలొకటి. ఒక్కటే షరతు. ఇక్కడే విప్పాలి.’’

అమ్మాయికి వచ్చింది ఎర్ర బీటిల్. అట్ట అంచులు కూడా నలగలేదు. ‘‘అంకుల్, విప్పితే దీని విలువ సగం కూడా ఉండదు...’’ అని నసిగింది.

‘‘ముప్ఫై ఏళ్ళు దాచాను తల్లీ. దాని చక్రాలు తిరుగుతాయో లేదో నాకింతవరకూ తెలీదు’’ అన్నారాయన.

ఆ పిల్ల గోరుతో అంచు లేపింది, ఆగింది, మళ్ళీ లేపింది. చర్రుమని అట్ట చిరిగింది. బీటిల్‌ను పాలరాతి బల్ల మీద పెట్టి ఒక్క తోపు తోసింది. అది చాయ్ కప్పుల సందుల్లోంచి సర్రుమని పోయి, అవతలి అంచున పెద్దాయన అరచేతిలో పడింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చక్రం తిప్పి విన్నారు. మళ్ళీ అమ్మాయి వైపు తోశారు.

మీకూ చార్మినార్ దాకా వెళ్ళే పని పడితే, గాజులు కొనడం అయ్యాక ఈ రెండు చోట్లూ చూసి రండి. చౌమహల్లాకు శుక్రవారం సెలవు. తిరిగొచ్చాక మీ ఇంటి అటక మీద పాత ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి దింపండి. అడుగున ఏ చక్రం ఊడిన కారో ఉంటుంది. ధర ఎంతని మాత్రం మమ్మల్ని అడక్కండి. ముందు తోసి చూడండి!