తెల్లకోటు వెనుక చదువు

ఆసుపత్రిలో మిమ్మల్ని మొదట పరీక్షించే తెల్లకోటు మనిషి ప్రతిసారీ వైద్యుడే కానక్కరలేదు. వైద్యుని పర్యవేక్షణలో పనిచేసే ఫిజీషియన్ అసిస్టెంట్ కావచ్చు. ఆ వ్యక్తి ఏ శిక్షణ పొందారన్నది మీ ప్రాణానికి సంబంధించిన విషయం.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక రాత్రి, మధుమేహం ఉన్న పెద్దాయన పైకడుపులో మంటతో, చెమటలతో వచ్చారు. మా సహాయకుడు గ్యాస్ మందు ఇచ్చి కూర్చోబెట్టాడు. గంట తరువాత నేను వచ్చి ఈసీజీ తీయించగా గుండెపోటని తేలింది. మధుమేహం ఉన్నవారికి ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చునని ఆ కుర్రవాడికి ఎవరూ నేర్పలేదు. పెద్దాయన బతికారు. కానీ ఆ తప్పును నేను కుర్రవాడిపైకి నెట్టలేను. చదువు అడగకుండా తెల్లకోటు తొడిగించినవారిలో నేనూ ఒకణ్ణి.

1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ కోర్సును ప్రారంభించారు. తొలి విద్యార్థులు నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవారు. అంత అనుభవం ఉన్నవారికీ ఆయన రెండేళ్ళ శిక్షణ ఇచ్చారు. నేడు అక్కడ ప్రతి విద్యార్థీ అత్యవసర చికిత్స, శస్త్రచికిత్స, శిశువైద్యం వంటి విభాగాల్లో పర్యవేక్షణలో పనిచేసి తీరాలి. గుర్తింపు ఉన్న కోర్సు పూర్తిచేస్తేనే జాతీయ పరీక్షకు అర్హత. మా కుర్రవాడు అత్యవసర విభాగంలో అలా కొన్ని వారాలు గడిపి ఉంటే, ఆ రాత్రి ముందుగా ఈసీజీ యంత్రం దగ్గరకే వెళ్ళేవాడేమో!

మన దేశంలోనూ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని తన జాబితాలో చేర్చింది. కనుక మొహమాటపడకండి. "మీరు ఏం చదివారు? నన్ను డాక్టరుగారు ఎప్పుడు చూస్తారు?" అని మర్యాదగా అడగండి. సరైన శిక్షణ పొందినవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.