కుట్లు మానినా భయం మానలేదు

మా చిన్నోడు పెద్దాపరేషన్‌తో పుట్టిండు. సోలాపూర్‌ల మా ఆడోళ్లం బీడీ చాటల ముందు కూర్చుంటే అన్నీ మాట్లాడుకుంటం. బాలింత ఏం తినాలె, కుట్లు తడవకుండ స్నానం ఎట్ల చెయ్యాలె, అన్నీ. ఒక్క ముచ్చట మాత్రం ఎవ్వరూ ఎత్తరు. అదే రాస్తున్న.

మూడో నెల పడ్డంక అత్తమ్మ నా పక్క మళ్లీ మా గదిలో వేయించింది. కుట్లు పైకి మానినయి. బరువు పడితే లోపల చిట్లుతయేమోనని నా భయం. ఆయన చెయ్యి మీద పడంగనే బిగుసుకుపోయిన. ఆయన ఏమనలేదు, అటు తిరిగి పడుకున్నడు. మర్నాటి నుంచి కార్ఖానాల రాత్రిపాళీ అడిగి తీసుకున్నడు. కడుపు మీద గీత చూసి ఇష్టం పోయిందనుకుని ఏడ్చిన.

బాబుకు 14 వారాల సూది వేయించ పోతే ఆశాతాయి నా ముఖం చూసి పక్కకు పిలిచింది. ఆరు వారాలకు దవాఖానల చూపించుకోవాలన్నది. డాక్టరమ్మ సరేనన్నా నా మనసు ఒప్పుకునేదాక ఆగొచ్చట. పాలిచ్చే రోజుల్లో కింద తడి తగ్గుతది, అందుకే మంట. మందుల దుకాణంల జెల్లీ దొరుకుతది. నిరోధ్ వాడితే నూనె రాయొద్దు, చినుగుతది. నెలసరి రాకున్నా కడుపు నిలువొచ్చు. మళ్లీ గర్భానికి కనీసం 2 ఏండ్లు ఆగమని, కాపర్-టి సర్కారు దవాఖానల పైసలు లేకుండ వేస్తరని చెప్పింది. నొప్పి తగ్గకున్నా, రక్తం ఎక్కువైనా, జ్వరమొచ్చినా వెంటనే రమ్మన్నది.

సెలవునాడు ఆయనకు అన్నీ చెప్పిన. ఆయన తల వంచుకుని, "నీకు నొప్పి చేస్తనేమోనని నేనే భయపడ్డ. దవాఖానల నిన్ను చూసిన కాడి నుంచి చెయ్యి వేయాలంటే వణుకు. అందుకే రాత్రిపాళీ" అన్నడు. ఇద్దరం ఒకే భయాన్ని వేరువేరుగా మోసినమన్నమాట.

ఇంకో నెల అయింది. మొదటిసారి నొప్పి లేసింది. "ఆగు" అన్న. ఆగిండు. కోపం లేదు, అలక లేదు. ఆ ఆగుడుతోనే నా భయం సగం పోయింది. తర్వాత కడుపు మీద బరువు పడకుండ పక్కకు తిరిగి పడుకుని, మెల్లగ, నా మాట మీదనే అయింది.

అత్తమ్మలారా, పక్క వేసే ముందు కోడలిని ఒక్కమాట అడగండి. అన్నలారా, ఆమె మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టు కాదు. చెల్లెలా, నోరు తెరిచి చెప్పు. చెప్పకపోవుట్ల మాకు మూడు వారాలు ఏడుపుల పోయినయి.