కుంభకోణం నుంచి నాన్నగారికి

కుంభకోణం, డిసెంబర్ 20, రాత్రి

నాన్నగారికి,

క్షేమంగా చేరానని ముందు అమ్మకి చెప్పండి. చిదంబరం దాటాక పట్టుకున్న వాన ఇంకా వదల్లేదు. బండిలో కునుకు లేదు.

స్టేషన్ బయట ఆటో అతను 300 అన్నాడు. నేను 150 అన్నాను, నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కల్లో. బురద, వరద, ఒన్‌వే అంటూ ఒక్కొక్క కారణానికి ఒక్కో పది తగ్గించుకొచ్చాడు. విసిగిపోయి తమ్ముడికి ఫోన్ చేసి “ఈయన నన్ను నిలువునా దోచేసేలా ఉన్నాడ్రా” అంటున్నాను. “దోచనమ్మా, ఎక్కండి, మా ఇంట్లోనూ తెలుగే” అన్నాడు! యాస మనది కాదు, మాట చివర్న సాగుతుంది. నాయక రాజుల కాలంలో వచ్చిన కుటుంబమట. దారి పొడవునా తెలుగు మాట్లాడించుకున్నాడు, ఇంట్లో పిల్లలు తమిళమే మాట్లాడుతున్నారని బాధపడ్డాడు. చివరికి 220 ఇచ్చాను. తమ్ముణ్ణి నవ్వొద్దనండి. వాడు మొన్న చూసొచ్చిన సంబంధం సంగతి ఏం తేలిందో రాయమనండి. ఈసారి అమ్మాయికి ఏం వంక పెట్టాడు?

రాత్రి తిండి గురించి రాయాలి. ఇక్కడ ఇడ్లీలోకి కడప్పా అని చేస్తారు. పెసరపప్పు, బంగాళాదుంప మెత్తగా ఉడికించి, కొబ్బరి, పుట్నాలపప్పు, గసగసాలు, సోంపు, పచ్చిమిర్చి నూరి కలిపి, దించాక నిమ్మకాయ పిండుతారు. సాంబారు కాదు, కుర్మా కాదు. హోటలాయన వేడివేడిగా గిన్నెడు పోశాడు. తడిసిన చీరతో, వణుకుతూ, ఇంకో గిన్నె అడిగి తిన్నాను. అమ్మ చేతిలో పడితే ఇంకా బాగుంటుంది. ఆ తర్వాత ఇత్తడి డబరాలో డిగ్రీ కాఫీ. గణిత సదస్సు రేపట్నుంచి.

డిసెంబర్ 21, మధ్యాహ్నం

గొంతు పట్టేసింది, ఒళ్ళు వెచ్చగా ఉంది. మధ్యాహ్నం ప్రసంగాలు వదిలేసి గదిలో పడుకున్నాను. అమ్మ పెట్టే మిరియాల చారు తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు. బుజ్జి నా కోసం ఏడుస్తోందా? మీ దగ్గరుంటే ఏడవదులే.

q-శ్రేణులంటే ఏమిటని అమ్మ బయల్దేరేటప్పుడు అడిగింది, బండి టైమయిందని చెప్పలేదు. q ఘాతం ఎంతో అన్ని గింజలు. దాని ముందున్న అంకె ఆ గింజల్ని ఎన్ని విధాలుగా కుప్పలు పెట్టొచ్చో చెబుతుంది. లెక్కంతా ఒక్క వరుసలో దండలా గుచ్చడమే. బుజ్జి అష్టాచెమ్మా డబ్బాలోంచి 9 చింతగింజలు తీయించండి. మొదటి ఆట: ఏ రెండు కుప్పలకైనా కనీసం 2 గింజల తేడా ఉండాలి. 9; 8+1; 7+2; 6+3; 5+3+1. అయిదు విధాలు. రెండో ఆట: ఏ కుప్పనైనా 5తో భాగిస్తే 1 గానీ 4 గానీ మిగలాలి. 9; 6+1+1+1; 4+4+1; ఒక 4, అయిదు 1లు; మొత్తం 1లు. ఇదీ అయిదే. ఎన్ని గింజలు తీసుకున్నా రెండు ఆటలూ సమానం. మొదటిది తేడాల గురించి, రెండోది శేషాల గురించి. ఈ రెంటికీ చుట్టరికం ఎక్కడిది, నాన్నా? ఇవాళ పొద్దున ఒక పరిశోధక విద్యార్థిని దీని మీదే మాట్లాడింది. కాలేజీ రోజుల్నుంచీ తెలిసిన సంగతే అయినా ఒళ్ళు జలదరించింది, అది జ్వరం వల్ల కాదు.

రామానుజన్ దీన్ని నిరూపణ లేకుండానే పట్టుకున్నాడు. కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీ అడిగిన వాళ్ళెవరికీ నిరూపణ దొరకలేదు. 1917లో పాత సంపుటాలు తిరగేస్తుంటే రోజర్స్ అనే ఆయన 1894లోనే నిరూపించి అచ్చువేయించిన వ్యాసం రామానుజన్ కంటే పడింది. ఇరవై మూడేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు! 1980లో ఆస్ట్రేలియాలో బాక్స్టర్ అనే ఆయన కణాల అమరిక లెక్కిస్తుంటే మళ్ళీ ఇవే సమీకరణాలు ఎదురయ్యాయి. పక్కపక్క స్థానాల్లో రెండు కణాలు ఉండకూడదన్నది అక్కడి షరతు. మన తేడా ఆటకి దగ్గరి బంధువు. ఎందుకు పనికొస్తుందని అడిగే మన ప్రిన్సిపాల్‌గారికి ఇది చెప్తాను.

డిసెంబర్ 22, రాత్రి

ఎండ వచ్చింది, జ్వరం దిగింది. ఇవాళ రామానుజన్ పుట్టినరోజు కదా. 32 ఏళ్ళు మించని వాళ్ళకి శాస్త్ర విశ్వవిద్యాలయం ఇచ్చే రామానుజన్ బహుమతి ప్రదానం అయింది. ఆయన బతికింది కూడా అన్నేళ్ళే.

సాయంత్రం సారంగపాణి సన్నిధి వీధిలో ఆయన ఇల్లు చూశాను. గోపురం పెద్దది. ఇల్లు చిన్నది, వీధి వైపు కిటికీ, దాని పక్కన మంచం. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నిలబడి మీతో పోట్లాడాను.

నామగిరి అమ్మవారు కలలో చెబితే రాశాడని మీరు ట్యూషన్ పిల్లలకి చెబుతారు. ఆయన భక్తిని కాదనను. కానీ మెక్‌మహోన్ అనే గణితవేత్త 1 నుంచి 200 దాకా ఒక్కొక్క సంఖ్యనీ ఎన్ని విధాలుగా విడగొట్టొచ్చో చేత్తో లెక్కగట్టాడు. 200కి దాదాపు 4 లక్షల కోట్లు. రామానుజన్ ఆ పట్టిక ముందు కూర్చుని చూశాడు. 4కి 5, 9కి 30, 14కి 135, 19కి 490, 24కి 1575. అన్నీ 5తో తెగుతున్నాయి. ఎందుకో తేలే దాకా వదల్లేదు. చనిపోయే ఏడాదిలో, జబ్బు నొప్పిలో కూడా, కాగితాల నిండా రాశాడు. ఆ కాగితాలు ట్రినిటీ కాలేజీ గ్రంథాలయంలో 1976లో ఆండ్రూస్ అనే గణితవేత్తకి దొరికాయి. 1920 జనవరిలో హార్డీకి రాసిన ఆఖరి ఉత్తరంలోని మాక్ థీటా ప్రమేయాల గుట్టు 2002లో గానీ జ్వెగర్స్ అనే ఆయనకి చిక్కలేదు. ఇదంతా కలలో వచ్చిందంటే మన పిల్లలు కల కోసం ఎదురుచూస్తారు. పలక పట్టుకోరు.

అందుకే ఈసారి ఆ పట్టిక 25 దాకా బోర్డు మీద రాయండి. కింద గీతలు గీయకండి, సూచన ఇవ్వకండి. పిల్లల్నే చూడనివ్వండి. ఎవరికి కనిపించిందో నాకు చెప్పండి.

రేపు తిరువయ్యారులో త్యాగయ్యగారి సమాధి చూసుకుని తంజావూరులో బండెక్కుతాను. అమ్మకి తమలపాకులు, ఇత్తడి ఫిల్టరు కొన్నాను. ఎల్లుండి పొద్దున తమ్ముణ్ణి స్టేషనుకి పంపండి, సంచులు బరువుగా ఉన్నాయి. బుజ్జికి నూనె రాయమనండి, జుట్టు చిక్కుపడితే నా చేత విప్పించుకోదు.

మీ
పెద్దమ్మాయి