అమ్మకు పుస్తకం కొందామని బెజవాడ

కృష్ణ దాటి బెజవాడ చేరేవారికి సాధారణంగా మూడు పనులుంటాయి. కొండమీద దుర్గమ్మ దర్శనం, వన్‌టౌన్‌లో బట్టల బేరం, స్టేషన్లో రైలు మారడం. నాలుగో పని ఒకటుందని తెలిసినవాళ్ళు మాత్రం ఆటో ఎక్కి "ఏలూరు రోడ్డు" అంటారు. తెలుగు పుస్తకానికి ఆ రోడ్డూ, దాని పక్క సందులూ పుట్టిల్లు వంటివి. కొత్త పుస్తకాలమ్మే పెద్ద దుకాణాలు ఆ చుట్టుపక్కల వున్నాయి. లెనిన్ సెంటర్ దగ్గరికి వెళితే పాత పుస్తకాలు నిలువెత్తు దొంతర్లుగా పేర్చి వుంటాయి. ఒకే వూళ్ళో పుస్తకం పసితనమూ చూడవచ్చు, వృద్ధాప్యమూ చూడవచ్చు.

ఈ వూరికి పుస్తకాల మీద మోజు ఈనాటిది కాదు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వారినందరినీ పిలిచి మొట్టమొదటి సభ జరిపించింది ఇక్కడే, 1914 ఏప్రిల్ 10న. ఆ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకు మొదట రేచీకటి వుండేది, తర్వాత చూపే పోయింది. అయినా పుస్తకాలతో చుట్టరికం వదులుకోలేదు. తన స్వీయచరిత్రను నోటితో చెప్పి ఇతరుల చేత రాయించారు. ఈ సంగతి నేను క్లాసులో చాలాసార్లు చెప్పినదే అయినా, అది మా యింటి అవసరంగా గుర్తుకొచ్చింది మాత్రం ఈమధ్యనే.

2025 జనవరిలో గుంటూరు నుంచి బస్సెక్కి బయలుదేరాను. మంగళగిరి దాటి వారధి మీదికి వచ్చేసరికి ఎడమచేతి వైపు ప్రకాశం బ్యారేజీ, దాని చివర ఇంద్రకీలాద్రి కనిపించాయి. బస్సులో సగంమంది అటు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. నా మొక్కు మా అమ్మ ఎడమ కన్ను గురించి.

మా అమ్మకు డెబ్బై అయిదేళ్ళు. నాన్నగారు పోయిన తర్వాత మా యింటికి వచ్చి మా దగ్గరే వుంటోంది. కిందటి ఏడు ఆమె కుడికంట్లో చూపు నడిమి భాగం చెదిరిపోయింది. ఎదుట నిలబడ్డ మనిషి భుజాలు కనిపిస్తాయి గాని ముఖం కనిపించదు. వయస్సుతో కంటి వెనక పొర దెబ్బతినే జబ్బు అనీ, ఎడమ కన్ను ప్రస్తుతం బాగానే వుందనీ, దాన్ని కనిపెట్టుకుని వుండాలనీ డాక్టరుగారు చెప్పారు.

"చదువుకోవచ్చాండీ?" అని అమ్మ అడిగింది.

"నిక్షేపంగా చదువుకోండమ్మా. చదివితే కన్ను అరిగిపోదు. వెలుతురు మాత్రం బాగా వుండాలి" అన్నారాయన.

ఇంటికొచ్చాక అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు మాత్రం ఒక లెక్క పట్టుకుంది. ఈ చూపుతో ఆమె ఇంకా ఎన్ని పుస్తకాలు చదువుతుంది? నూరా? ఇరవయ్యా? అయిదే అయితే, ఆ అయిదూ ఏవి కావాలి? తెలుగు ఎమ్మే చదివి, ఏళ్ళ తరబడి కాలేజీలో పాఠాలు చెబుతున్న దాన్ని. ఏ పుస్తకం మంచిదని ఎవరడిగినా జవాబు నాలుక చివరే వుంటుంది. ఈ ఒక్క ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ వూరు దాటవలసి వచ్చింది.

బెజవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. ఏటా జనవరి తొలి రోజుల్లో జరుగుతుంది. చాలా ఏళ్ళు బందరు రోడ్డు మీద స్వరాజ్య మైదానంలో జరిగింది. ఇప్పుడక్కడ 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కర్ మహాశయుని బ్రహ్మాండమైన విగ్రహం వుంది. 2025లో పుస్తకాల పందిళ్ళు ఇందిరాగాంధీ స్టేడియంలో వేశారు. సంక్రాంతి ముందు రోజులు కాబట్టి పిల్లాపాపలతో సంసారాలు కదిలి వచ్చాయి. ఒక చేతిలో మొక్కజొన్న పొత్తు, మరో చేతిలో పుస్తకాల సంచీ.

నేనొక స్టాలు దగ్గర నిలబడి, తల్లులకు పుస్తకాలు కొనేవాళ్ళు ఏమని అడుగుతారో వింటూ వుండిపోయాను.

"మా అమ్మకి ఇవ్వాలండీ. ఏదైనా భక్తిది చూపించండి" అన్నాడొక కుర్రవాడు.

"అమ్మకి వంటల పుస్తకం కావాలి" అంది అతని వెనకే వచ్చిన అమ్మాయి.

"మా అమ్మగారికి డెబ్బై ఏళ్ళు నిండుతున్నాయి. లావుపాటిది, అట్ట బాగున్నది ఇవ్వండి" అన్నాడొక పెద్దమనిషి, పీట కొంటున్నట్టు.

నేను భక్తి పుస్తకాన్ని తక్కువ చేసి మాట్లాడను. మా అమ్మకే పోతనగారి పద్యాలు ఎన్నో కంఠస్థం. కాని నోటికి వచ్చిన పద్యాలకు మళ్ళీ పుస్తకమెందుకు? వంటల పుస్తకాన్నీ కాదనను. మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు' ఎందరు కొత్త కోడళ్ళ పరువు కాపాడిందో లెక్కలేదు. అయితే ఆ మాలతీ చందూర్ గారే 'పాత కెరటాలు' పేరుతో దేశదేశాల నవలల్ని తెలుగు గృహిణులకు పరిచయం చేశారు. పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి లోకం కూడా కావాలని ఆవిడకు తెలుసు. ఆ సంగతి బిడ్డలమైన మనమే మరిచిపోతాం. అమ్మ అనగానే పూజగది, వంటిల్లు రెండే గుర్తుకొస్తాయి మనకు.

తిరుగుతూ తిరుగుతూ నాకు తెలిసిన తల్లులనందరినీ తలుచుకున్నాను. మా కొలీగు వాళ్ళమ్మగారు పుట్టింటికీ అత్తింటికీ మధ్య వున్న పన్నెండు మైళ్ళు తప్ప లోకం చూడలేదు. అలాంటావిడకు నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక' ఇస్తే కుర్చీ కదలకుండా హిమాలయాలు చూసి వస్తుంది. కాశీ వెళ్ళాలని వుండీ వెళ్ళలేని ఆవిడకు ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' వుంది. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, మజిలీ మజిలీకి దారి ఎలా వుంది, నీళ్ళెలా వున్నాయి అని రాసుకుంటూ వెళ్ళిన మనిషి. బడి మాన్పించేశారన్న దిగులు కడుపులో దాచుకున్న తల్లికి బండారు అచ్చమాంబగారి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ఇవ్వవచ్చు. ఆవిడ బడికి వెళ్ళినది కాదు. ఇంట్లోనే చదువు నేర్చుకుని, 1901 నాటికే స్త్రీల జీవితచరిత్రలను పుస్తకంగా తెచ్చింది.

మరి చదవడమే రాని తల్లి మాటేమిటి? ఆమెకూ పుస్తకం వుంది. స్త్రీల రామాయణపు పాటల సంపుటి కొని, పక్కన కూర్చుని 'ఊర్మిళాదేవి నిద్ర' చదివి వినిపించండి. నాలుగు చరణాలు కాకుండానే "మా వూళ్ళో అలా పాడరే" అని తప్పు దిద్దుతుంది. ఆ క్షణాన పంతులమ్మ ఆమె, పిల్ల మీరు.

ఇంకో సంగతి. పేరు చూసే ముందు పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చూడాలి. అక్షరం పెద్దదై, సిరా నల్లగా వుండాలి. నిగనిగలాడే కాగితం మీద దీపం పడితే కంటికి కొడుతుంది. పేజీలు పూర్తిగా విచ్చుకోకపోతే నడుమ అక్షరాల కోసం పెద్దవాళ్ళు పుస్తకంతో కుస్తీ పట్టాలి. వెయ్యి పేజీల సంపుటం అలమారుకు అందమే గాని, మణికట్టు నొప్పి వున్న మనిషికి శిక్ష. అదే పుస్తకం రెండు మూడు భాగాలుగా దొరికితే అవే తీసుకోవాలి.

ఇంత తెలిసీ మా అమ్మకేమి కొనాలో తేలలేదు. చివరికి ఫోను చేశాను.

"అమ్మా, ఏం పుస్తకం తెమ్మంటావు?"

"ఎందుకే డబ్బు దండగ! ఇంట్లో వున్నవి చాలవూ?"

ఏ తల్లినడిగినా ఈ జవాబే వస్తుంది. అడిగే ప్రశ్న మార్చి చూశాను.

"పోనీ, చిన్నప్పుడు ఏదైనా చదువుతూ చదువుతూ సగంలో ఆగిపోయిందా?"

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళ నాన్నగారు వారపత్రిక తెప్పించేవారట. పోస్టుమాన్ ఇచ్చిన కాగితం చుట్ట విప్పే హక్కు అమ్మదేనట. ఒక సీరియలు పేజీలు వారం వారం చింపి, వరసగా పేర్చి, పరుపు కింద దాచుకుందట, పూర్తయ్యాక బైండు చేయించుకుందామని. 1967లో పెళ్ళయి అత్తవారింటికి వచ్చేసింది. అక్కడ వారపత్రిక లేదు, అడిగే నోరూ లేదు. ఆ పేజీలు ఎప్పుడో పాతకాగితాల తూకంలో పోయాయి.

"ఆ పిల్ల రేకుపెట్టె పట్టుకుని రైలెక్కిందే. అక్కడికే చదివాను."

"నవల పేరేమిటమ్మా?"

"పేరు గుర్తులేదు. బొమ్మలో ఆ పిల్లకు రెండు జడలు. అంతే జ్ఞాపకం."

యాభై ఎనిమిదేళ్ళు! ఆ యింట్లో ముగ్గురు పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి, అత్తమామల్ని సాగనంపి, భర్తను సాగనంపిన మనిషి, ఆ రైలెక్కిన పిల్ల ఏమయిందో అని ఇన్నాళ్ళూ ఒక్కరితోనూ అనలేదు. మేమూ అడగలేదు.

వెంటనే లెనిన్ సెంటర్‌కు వెళ్ళాను. పాత పుస్తకాల దుకాణాయన నా మాటంతా ఓపిగ్గా విని నవ్వాడు. "రెండు జడలు, రేకుపెట్టె అంటే అలాంటి సీరియల్సు ఎన్నో వున్నాయమ్మా. మాకు బైండ్లు వస్తూనే వుంటాయి. పెద్దవాళ్ళు పోయాక ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు మూటగట్టి ఇచ్చేస్తారు. మామ్మగారినే ఒకసారి తీసుకురండి. ఆవిడ కన్ను పట్టినట్టు మన కన్ను పట్టదు."

అమ్మ కన్ను సంగతి ఆయనకు తెలియదు. అయినా ఆ మాటే పట్టుకున్నాను.

మరుసటి నెలలో ఒక ఆదివారం అమ్మను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. దుకాణాయన స్టూలు వేసి, వీధి వెలుతురు పడేలా కూర్చోబెట్టి, ఒక్కొక్క బైండే చేతికిచ్చాడు. అమ్మ తల కొంచెం పక్కకు తిప్పి, ఎడమ కంటితో బొమ్మలు మాత్రమే చూస్తూ పేజీలు తిప్పింది. పది, పదిహేను, ఇరవై. ఆ పిల్ల ఎక్కడా కనిపించలేదు.

చివర్లో కాలికో గుడ్డ వేసిన బైండొకటి వచ్చింది. లోపలి అట్ట మీద ఊదారంగు సిరాతో ఒకావిడ తన పేరు రాసుకుని, కింద "ఎవరడిగినా ఇవ్వబడదు" అని రెండు గీతలు గీసింది. అమ్మ పకపకా నవ్వింది. నాన్నగారు పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. నవల వేరే ఏదో. కాని చివరి పేజీలకు వచ్చేసరికి అచ్చు ఆగిపోయి చేతిరాత మొదలైంది. ఆ యిల్లాలికి చివరి రెండు సంచికలూ దొరకలేదు కాబోలు. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో మొత్తం ఎత్తి రాసుకుని, అచ్చు పేజీల పక్కనే కుట్టించుకుంది.

"చూడవే, ఎంత ఓపికో!" అంది అమ్మ, ఆ అక్షరాల మీద వేలు పెట్టి. "ఇది తీసుకుందాం."

"నీ నవల కాదు కదమ్మా?"

"ఈవిడ కథ ముగించుకుంది కదే. అది చాలు."

దుకాణాయన మూడు వందలన్నాడు. అమ్మ తన చేతిసంచీలోంచి తనే తీసి ఇచ్చింది. నన్ను ఇవ్వనివ్వలేదు. తిరుగు బస్సులో, వారధి దాటుతుండగా, తన సీరియలు కథ మొదటి నుంచి నాకు చెప్పింది. పాత్రల పేర్లు మరిచిపోలేదు. రైలు దగ్గరికి వచ్చి ఆగింది.

"తర్వాత ఏమై వుంటుందంటావు?" అని అడిగాను.

"ఎక్కడో దిగే వుంటుంది. మంచి వూరే అయివుంటుంది" అని కిటికీలోంచి నీళ్ళవైపు చూసింది.

ఇప్పుడు రోజూ పొద్దున్న తొమ్మిది గంటల ఎండ వరండాలోకి వచ్చే వేళకు ఆ బైండు తెరుస్తుంది. కన్ను అలిసినప్పుడు నేనో, మా అబ్బాయో చదివి వినిపిస్తాం. మావాడు ఇంగ్లీషు మీడియం. వాడి ఒత్తులు ఆమె దిద్దుతుంది. ఇంకెన్ని పుస్తకాలన్న లెక్క నేను మానేశాను. కన్ను సహకరించినన్నాళ్ళు కన్ను, తర్వాత చెవి.

మీరూ అమ్మకు పుస్తకం కొనాలనుకుంటే బెజవాడే వెళ్ళనక్కరలేదు. హైదరాబాదులో ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద ఆదివారంనాడు దొరుకుతాయి, మీ వూరి పాత పుస్తకాల కొట్లోనూ దొరుకుతాయి. కాని ఇల్లు కదిలే ముందు, ఏం కావాలని కాక, ఏది సగంలో ఆగిపోయిందని అడగండి. జవాబు వచ్చేదాకా పక్కనే కూర్చోండి. పుస్తకం తెచ్చి ఇచ్చేటప్పుడు మొదటి పేజీలో "ప్రేమతో" అని మీ పేరు రాయకండి. కలం ఆమె చేతికే ఇవ్వండి. ఇంటి దస్తావేజుల మీదా, గ్యాసు బుక్కు మీదా ఎవరెవరి పేర్లో వుంటాయి. ఈ ఒక్కదాని మీద ఆమె పేరు ఆమె చేతిరాతతో వుండాలి. కింద "ఎవరడిగినా ఇవ్వబడదు" అని రాసుకుంటే మరీ సంతోషం.