మురికినీటి లెక్క

తొమ్మిదవ తరగతికి నీటిని గూర్చిన పాఠము చెప్పునపుడు మేము పుస్తకము మూసి, రెండు గాజుకూజాలను బల్లపై నుంచితిమి. ఒకదానియందు బురదనీరు, రెండవదానియందు ఉప్పు కలిపిన నీరు. ఏది శుభ్రమని యడుగగా తరగతియంతయు తేటగా నున్న ఉప్పునీటినే చూపినది. పిమ్మట బురదనీటిలో పటిక కలిపి యిసుకగుండ వడకట్టితిమి, అది తేటపడెను. ఉప్పునీటిని ఎన్నిమారులు వడకట్టినను ఉప్పు పోలేదు. దానిని స్పిరిటుదీపముపై కాచి ఆవిరి పట్టవలసి వచ్చెను. పీరియడంతయు దీపము మండినను చిక్కినవి రెండు మూడు చెంచాల నీళ్లు.

కంటికి గనబడు మలినము స్వల్పవ్యయముతో తొలగును. కరగిన మలినమునకు శక్తి యధికముగా గావలెను. మాటగా చెప్పిన మఱచెదరని లెక్క కట్టించితిమి. 30 డిగ్రీల నీటిని లీటరు మరిగించుటకు 2,94,000 జౌల్‌ల శక్తి పట్టును. యూనిటు విద్యుత్తనగా 36 లక్షల జౌల్‌లు గనుక, వేయిలీటర్లకు సుమారు 82 యూనిట్లు. ఆవిరిగా మార్చుటకు మఱి 600 యూనిట్లకు పైగా. సముద్రజలమును సన్నని పొరగుండ నొత్తు నేటి యంత్రములు అంతనీటిని మూడు నాలుగు యూనిట్లతో శుద్ధిచేయుచున్నవి. అయినను తీసిన ఉప్పు ఎక్కడికో పోవలసినదే గదా.

1908వ సంవత్సరమున మూసీవరద హైదరాబాదును ముంచిన పిమ్మట, నగరమునకు ఎగువన ఆ నదిపై 1920లో ఉస్మాన్‌సాగరు నిర్మింపబడెను. అచ్చటి నీరు పంపుల యక్కఱ లేక పల్లమునకు నడచి ఆసిఫ్‌నగరు శుద్ధిస్థలము చేరునట్లు ఏర్పరచిరి. నగరము పెరిగినది, ఆ నీరు చాలలేదు. 2004 నుండి కృష్ణానీటిని నాగార్జునసాగరమునుండి నూరు కిలోమీటర్లకు పైగా తెచ్చుచున్నారు. సాగరపు నిండుమట్టము 590 అడుగులు. నగరము సుమారు 1,700 అడుగుల యెత్తున నున్నది. వేయిలీటర్లను ఆ 340 మీటర్లు ఎత్తుటకే ఒక యూనిటునకు కొంచెము తక్కువ పట్టును. పంపులలోను గొట్టములలోను కలుగు నష్టము చేర్చిన నొకటి దాటును. కొళాయి తెరచియుంచి పండ్లు తోముకొను పిల్లలు ఈ లెక్క చూచి ఒకరిమొగ మొకరు చూచుకొనిరి.

అంత యెత్తు ఎక్కించిన నీరు ఒక్కమారు వాడబడి మురుగై మూసీలో పడుచున్నది. కర్మాగారముల రసాయనములును అందు కలియుచున్నవి. అవి పటికకు లొంగునవి కావు. దిగువ గ్రామములవారు ఆ నీటితోనే వరిని, పశుగ్రాసమును పండించుచున్నారు. అట్టి గ్రామమునుండి వచ్చి మా వసతిగృహమున నుండు బాలిక లేచి, "అయ్యగారూ, మా యూరికి వచ్చు నీటిని బాగుచేయు విద్యుత్తును ఎవరి లెక్కలో వ్రాయవలెనండీ?" అని యడిగినది. తేటనీరు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలచిన మందను గూర్చి యెహెజ్కేలు 34వ అధ్యాయమున చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మురికి చేసినవారి లెక్కలోనే వ్రాయుమని చెప్పితిమి. "వారు చెల్లించుచున్నారా?" అని యామె మరల నడిగెను. పూర్తిగా లేదంటిమి.

వచ్చు సంవత్సరము పిల్లలను అంబరుపేటలోని మురుగునీటి శుద్ధిస్థలమునకు తోడుకొనిపోవ నుద్దేశించియున్నాము. అక్కడ అడుగవలసిన ప్రశ్నల పట్టికలో ఆ బాలిక ప్రశ్నయే మొదటిది.