ఈ మందు మా అమ్మకు పడుతుందా?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని పెద్దలు ఊరకే అనలేదు. మన ఇళ్ళలోనే చూడండి. ఒకే గిన్నెలో వండిన వంకాయ కూర ఒకరికి కమ్మగా ఉంటుంది, పక్కన కూర్చున్నవారికి ఒళ్ళంతా దురద పెడుతుంది. కూర విషయంలో ఈ తేడాను మనమందరం ఒప్పుకుంటాము. మందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పక్కింటివారికి పనిచేసింది, మనకూ పనిచేస్తుంది" అనో, "ఫలానా ఆయనకు పడలేదట, మనకూ వద్దు" అనో తీర్మానించేస్తాము. ప్రియ పాఠకులారా, ఈ చిక్కు మా కుటుంబానికి నిజంగానే ఎదురైంది. అప్పుడు మేము తెలుసుకున్న సంగతులు మీకూ ఉపయోగపడవచ్చునని రాస్తున్నాము.

మేము ముగ్గురు తోబుట్టువులము. నాన్నగారు పోయాక అమ్మ గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళోనే ఉంటున్నది. 2022లో ఆమెకు గుండెపోటు వచ్చింది. ఆసుపత్రి నుండి పంపేటప్పుడు రాసిన మందులలో కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర ఒకటి ఉన్నది. ఆ జాతి మందులను స్టాటిన్లు అంటారు. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి మళ్ళీ రాకుండా కాపాడే మందులలో ఇవి ముఖ్యమైనవి. వేలాదిమంది రోగులపై జరిగిన పరీక్షలలో వీటి మేలు రుజువైంది.

అయితే కొన్ని నెలలకు అమ్మ కాళ్ళు పీకుతున్నాయనసాగింది. "ఆ బిళ్ళ కాళ్ళలో సత్తువ లాగేస్తుంది వదినా, మా ఆయన కూడా మానేశాడు" అని వీధిలో ఒకరు చెప్పారు. అమ్మ కూడా మానేసింది. మాలో పెద్దవాడు "మానితే గుండె సంగతేమిటి?" అన్నాడు. చిన్నది "నడవలేకపోతే ఆ బ్రతుకేమిటి?" అన్నది. ఇద్దరి మాటా న్యాయమే. వేలమందికి మేలు చేసిన మందు మా ఒక్క అమ్మకు కీడు చేయదని ఎవరు చెప్పగలరు?

2023లో ఆమెను ఒక డాక్టరమ్మగారి దగ్గరకు తీసుకువెళ్ళాము. "ఆ బిళ్ళ నాకు పడదు తల్లీ" అని అమ్మ ముందే చెప్పేసింది. డాక్టరమ్మగారు కోప్పడలేదు. "పడుతుందో పడదో మీ ఒంటినే అడుగుదామమ్మా. కాని ఒక్కసారి అడిగితే చాలదు" అన్నారు. కండరాలు దెబ్బతిన్నాయేమో చూడటానికి ముందు రక్తపరీక్ష చేయించారు. అది బాగానే ఉన్నది. ఆ తరువాత మాకు ఒక పద్ధతి వివరించారు.

మామూలుగా కొత్త మందును వందల, వేలమందిపై పరీక్షిస్తారు. సగంమందికి మందు, సగంమందికి చూడటానికి అలాగే ఉండే మందు లేని మాత్ర ఇస్తారు. ఎక్కువమందికి ఏది మేలో దానివలన తెలుస్తుంది. కాని ఎదుట కూర్చున్న ఈ ఒక్క మనిషి సంగతి దానివలన పూర్తిగా తెలియదు. కెనడాలోని హామిల్టన్ పట్టణంలో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోర్డన్ గయాట్, డేవిడ్ సాకెట్ మొదలైన వైద్యులు 1986లో ఒక మార్గం ప్రకటించారు. అదే పరీక్షను ఒక్క రోగితోనే జరపడం. కొన్నాళ్ళు అసలు మందు, కొన్నాళ్ళు మందు లేని మాత్ర. ఇలా రెండు మూడు జతలు. ఏది ముందో ఏది వెనుకో చీట్లు వేసినట్టుగా నిర్ణయిస్తారు. వరుస మందులు కట్టే వ్యక్తికే తెలుసు, రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. రోగి తన బాధ ఎంత ఉన్నదో రోజూ రాసిపెడతాడు. చివరికి వరుస బయటపెట్టి లెక్క చూస్తారు.

గిద్యోను గొఱ్ఱెబొచ్చు సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఒక రాత్రి బొచ్చు తడిసి నేల ఆరి ఉండటంతో అతడు ఆగలేదు. మరునాటి రాత్రి నేల తడిసి బొచ్చు ఆరి ఉండాలని తిరగేసి అడిగాడు. ఈ వైద్యులు చేసేదీ అలా తిరగేసి అడగడమే.

ఆ హామిల్టన్ వైద్యులు తమ మూడేళ్ళ అనుభవాన్ని 1990లో ప్రచురించారు. 73 పరీక్షలు మొదలుపెడితే 57 పూర్తయ్యాయి. వాటిలో 50 పరీక్షలు స్పష్టమైన జవాబు ఇచ్చాయి. 11 సందర్భాలలో, లేకపోతే ఎంతకాలమైనా కొనసాగించి ఉండే మందును వైద్యులు ఆపివేశారు. పనిచేయని మందుకు నెలనెలా డబ్బు పోసే కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు.

అమ్మ మాత్ర గురించే ఇంకొక పరీక్ష జరిగింది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వైద్యులు దాని ఫలితాలను 2020లో ప్రకటించారు. పడలేదని స్టాటిన్లు మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికి ఏడాదికి సరిపడా 12 సీసాలు. నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో మందు లేని మాత్రలు, నాలుగు ఖాళీవి. నెలకొక సీసా, వరుస ఎవరికీ తెలియదు. బాధకు రోజూ సున్న నుండి నూరు వరకు అంకె వేశారు. ఖాళీ సీసా నెలల్లో సగటు 8. స్టాటిన్ నెలల్లో 16.3. మరి మందు లేని మాత్ర నెలల్లో? 15.4! అంటే బాధలో ఎక్కువ భాగం మందువలన కాదు, మాత్ర మింగుతున్నామన్న భయంవలన వచ్చింది. ఆ బాధ అబద్ధం కాదు, నొప్పి నిజంగానే నొప్పి. దాని కారణం మాత్రమే వేరు. తమ లెక్క తాము చూసుకున్నాక వారిలో 30 మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు.

మా దగ్గర అటువంటి సీసాలు లేవు. డాక్టరమ్మగారు ఉన్నంతలో చేశారు. మాత్ర లేకుండా రెండు వారాలు, మాత్రతో ఒక నెల, మళ్ళీ రెండు వారాలు ఆపడం, మళ్ళీ ఒక నెల. గుండె మందులలో మిగతావి ఒక్క పూట కూడా తప్పకూడదన్నారు. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు రాత్రి భోజనమయ్యాక "నాయనమ్మా, ఈ రోజు కాళ్ళకు పదికి ఎన్ని మార్కులు?" అని అడిగి నోటుపుస్తకంలో వేసేది. ఆ రోజు చేసిన పని కూడా పక్కనే రాసేది.

మూడు నెలలకు పుస్తకం తెరిచి చూశాము. మాత్ర ఉన్న వారాలలోనూ లేని వారాలలోనూ అంకెలు ఇంచుమించు ఒకటే. పెద్ద అంకెలన్నీ మిరపకాయ కోతలకు వెళ్ళిన రోజులవే. "ఏ రోజు ఏది మింగుతున్నారో మీకు తెలుసు గనుక ఇది లండన్ పరీక్షంత గట్టిది కాదు" అని డాక్టరమ్మగారు దాచకుండా చెప్పారు. అయినా అమ్మ తన చేతి లెక్కను తానే చూసుకున్నది. మేము ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి, "అయితే ఇది కోతల నొప్పే" అని మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది. కోతలకు వెళ్ళడం తగ్గించింది.

లెక్క వేరుగా వచ్చి ఉంటే? మాత్రతో అంకెలు పెరిగి, ఆపితే తగ్గి ఉంటే, మోతాదు తగ్గించడమో వేరే మందు రాయడమో చేసేవారు. ఎటు వచ్చినా మాకు దారి దొరికేదే.

ఒక హెచ్చరిక తప్పదు. ఈ పద్ధతి అన్ని జబ్బులకూ కుదరదు. చాలాకాలంగా ఒకే తీరున ఉండే బాధకు, త్వరగా పనిచేసి, ఆపితే త్వరగా ప్రభావం పోయే మందుకు ఇది తగును. కీళ్ళ నొప్పులు, ఆయాసం, నిద్రపట్టకపోవడం వంటివి అటువంటివి. క్షయ మందులు, మూర్ఛ మందులు, ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు మీ అంతట మీరు ఒక్కరోజు కూడా ఆపి చూడవద్దు. ప్రాణాపాయం. ఏది ఆపాలన్నా, ఎన్నాళ్ళన్నా వైద్యులతో ముందే మాట్లాడుకోవాలి.

మీ ఇంట్లో ఎవరైనా "ఈ మందు నాకు పడదు" అంటే కసురుకోకండి, వెంటనే మాన్పించకండి. పది రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనండి. మాత్ర వేసుకున్న వేళ, బాధ ఎంత, ఆ రోజు పని ఏమిటి, తిన్నదేమిటి అని రోజూ రాయండి. ఆ పుస్తకాన్ని డాక్టరుగారి ముందు పెట్టి, "ఇది మా మనిషికి పనిచేస్తున్నదో లేదో ఎలా తెలుసుకుందాము?" అని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.